రోహిణి విప్పిన పెట్టె

భిలాయి ఉక్కు ఊళ్ళో మా సెక్టార్‌లో ఎవరింట్లో ఏ వస్తువు మొరాయించినా ముందు దాన్ని తిట్టేవాళ్ళు, తర్వాత నెత్తిన ఒకటి కొట్టేవాళ్ళు, అప్పటికీ దారికి రాకపోతే సైకిల్ క్యారియర్‌కి కట్టి సుపేలా బజారుకి తీసుకుపోయేవాళ్ళు. రోహిణి ఒక్కతే ముందు స్క్రూడ్రైవర్ అడిగేది. ఆడపిల్ల స్క్రూడ్రైవర్ అడిగితే ఇవ్వడానికి చేతులు రానివాళ్ళు మా బ్లాకులో బోలెడుమంది. అడిగీ అడిగీ విసిగిపోయి మెట్రిక్ పాసైన ఏడాదే సొంతానికి ఒకటి కొనుక్కుంది. పసుపుపచ్చ పిడి. దాన్ని జడపిన్నుల డబ్బాలో దాచుకునేది.

నేను వాళ్ళ పై క్వార్టర్‌లో ఉండేదాన్ని. నా పేరు మీనాక్షి. ఆదివారాలు ఆంధ్ర సమాజం గదిలో మన పిల్లలకి తెలుగు చెప్పేదాన్ని. ప్లాంటులో పని కోసం విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు హిందీలో కలలు కనేవాళ్ళు. వాళ్ళకి గుణింతాలు నేర్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. రోహిణి ఆ క్లాసులో అందరికంటే మొండిది. తప్పు దిద్దితే, ఇలాగే ఎందుకు రాయాలి అని ఎదురడిగేది. నాకు ఒళ్ళు మండేది, కానీ ఆ పిల్ల రాని ఆదివారం క్లాసు చప్పగా ఉండేది.

తండ్రి అప్పలసూరి రైల్ మిల్లులో ఆపరేటర్. మిల్లు పైన అద్దాల గదిలో కూర్చుని, బొత్తాలు నొక్కుతూ ఎర్రగా కాలిన ఇనుప దిమ్మల్ని ముందుకీ వెనక్కీ నడిపించే పని. మాటలు తక్కువ మనిషి. ఇంట్లో మాటలన్నీ తల్లి తులసమ్మవి, నిర్ణయాలన్నీ కొడుకు ఉదయ్‌కుమార్‌వి. రోహిణికి మిగిలేవి అభ్యంతరాలే. వాటిని మాత్రం ఆమె ఏనాడూ వృథా పోనివ్వలేదు.

కంప్యూటర్ వచ్చింది ఉదయ్ కోసమే. కోర్సు చేస్తానన్నాడు, తండ్రి సొసైటీలో లోను తీసి కొన్నాడు. ఉదయ్ దాని మీద కోర్సు చేసిన దానికంటే కార్ల పందేలు ఆడింది ఎక్కువ. తర్వాత హథ్‌ఖోజ్‌లో బోల్టులు చేసే కారఖానాలో ఉద్యోగం దొరికింది, పెట్టె మీద తులసమ్మ కుట్టిన పూల ముసుగు పడింది. బీకాం అయ్యాక ఒకరోజు రోహిణి ఆ ముసుగు తీసేసింది. మళ్ళీ వేయనివ్వలేదు.

ఆ రోజుల్లో భిలాయిలో తెలుగు పెళ్ళిపత్రిక అచ్చు వేయించాలంటే పెద్ద తతంగం. విశాఖపట్నం వెళ్ళేవాళ్ళెవరో చూసి కాగితం పంపాలి, అచ్చయిన కట్ట రైల్లో రావాలి, వచ్చాక చూస్తే పెళ్ళికూతురి ఇంటిపేరు మారిపోయి ఉండాలి. రోహిణి తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ ఎవరి దగ్గరో సంపాదించి ఇంట్లోనే పేజీలు కూర్చడం మొదలుపెట్టింది. కూర్చడం ఆమెది, తప్పులు దిద్దడం నాది. కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చేది. "పిన్నీ, ఇది సహీగా ఉందా?" అనేది. నేను ఎర్రపెన్నుతో గీకుతుంటే మొహం ముడుచుకుని నిలబడేది. రెండేళ్ళు తిరిగేసరికి నా ఎర్రపెన్నుకి పని తగ్గిపోయింది. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, నామకరణాలు, అన్నీ ఆ పెట్టెలోంచే వెళ్ళేవి.

తొంభై ఆరు దసరాకి సమాజం వాళ్ళు సావనీర్ వేద్దామనుకున్నారు. కార్యదర్శి గురునాథరావు గారు రాయపూర్ ప్రెస్సుకి ఇవ్వాలన్నారు. మన పిల్ల ఉండగా రాయపూర్ ఎందుకని మీటింగులో నేను లేచి అడిగాను. ఆడపిల్ల, ఇంట్లో కూర్చుని చేసే పని, టైముకి అందుతుందా అని ఆయన నసిగారు. మీ అమ్మాయి పెళ్ళిపత్రిక ఎక్కడ తయారైందో గుర్తు చేసుకోమన్నాను. అందరూ నవ్వారు, పని రోహిణికి వచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు.

సావనీర్ అంటే పెళ్ళిపత్రిక కాదు. ఫోటోలు, ప్రకటనలు, పెద్దల సందేశాలు. పాత పెట్టెకి అంత బరువు మోసే దమ్ము లేదు, ఫోటో పెట్టిన పేజీ తెరిస్తే గుడ్లు తేలేసేది. లోపలి బోర్డు మార్చి ర్యామ్ పెంచితే సరిపోతుందని రోహిణి తేల్చింది. ఎవరైనా మెకానిక్‌ని పిలిపిద్దామన్నాడు ఉదయ్. తానే చేస్తానంది. తన సంపాదనతో, ఎవర్నీ తోడు తీసుకోకుండా, పాత బోర్డు విప్పుకుని రాయపూర్ వెళ్ళి, అది ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంది. తిరిగి వస్తుంటే కుమ్హారి దగ్గర బస్సు ఆగిపోయిందట. ఇంకో బస్సులోకి జనం తోసుకుంటుంటే, ఆ పార్శిల్ పైన పెట్టమని కండక్టర్ గొడవ చేశాడట. నన్ను పైన పెట్టు, దీన్ని పెట్టను అందట. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే ఆ వారమంతా కనబడినవాళ్ళందరికీ చెప్పాను.

బోర్డు బిగించినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ముందుగది గచ్చు మీద పేపరు పరిచి, పెట్టె విప్పి, బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెట్టె ముఖం మీద బొత్తాల నుంచి వచ్చే వైర్లు లోపల వేలాడుతున్నాయి. పాత బోర్డుకి వాటిలో కొన్నిటిని అసలు తగిలించనే లేదు, అమ్మినవాడు మూట కట్టి ఓ మూలకి తోసేశాడు. రోహిణి ఆ మూట కూడా విప్పి, పుస్తకంలో బొమ్మ చూసి ఏ వైరు ఏ పిన్నుకో ఆ పిన్నుకి తగిలించింది. ఉదయ్ గుమ్మంలో నిలబడి, పనికిరావని వదిలేసిన వాటితో నీకేం పనని వెక్కిరించాడు. పిన్ను ఉందంటే దానికో పని ఉంటుందంది రోహిణి.

పెట్టె ఆన్ చేసింది. ఫోటో పేజీ రెప్పపాటులో వచ్చి నిలిచింది. రోహిణి నా వైపు చూసి నవ్వింది, ఉదయ్ వైపు చూసి ఇంకాస్త ఎక్కువ నవ్వింది.

మర్నాడు విశ్వకర్మ పూజ. ప్లాంటు ఊళ్ళో ఆ రోజుకున్న గౌరవం దీపావళికి కూడా ఉండదు. ప్లాంటు వర్క్‌షాపుల్లో పని ఆపి, మెషిన్లు కడిగి, పందిళ్ళు వేసి, పళ్ళెంలో కుంకుమ పట్టుకుని ప్రతి మెషిన్‌కీ బొట్టు పెడతారు. అప్పలసూరి గారు అద్దాల గదిలో తన బల్ల మీద బొత్తాం బొత్తానికీ బొట్టు పెట్టి వస్తారు. ఇంటికొచ్చాక స్కూటర్‌కి, కుట్టుమిషన్‌కి, మిక్సీకి కూడా. ఆ ఏడాది కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళారు. ఇన్నాళ్ళూ అది కొడుకు ఆటబొమ్మ, దానికి ఏనాడూ పెట్టలేదు. ఇప్పుడు కూతురు బిగించిన మెషిన్. మాట రాని మనిషి బొట్టుతో మెచ్చుకున్నాడని నాకు అర్థమైంది. రోహిణికీ అర్థమైంది, కళ్ళు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. మిల్లు బొత్తాలు మొండివి, ఆయన వేలికి అదే అలవాటు. పెట్టె మీద ఆన్ చేసే పెద్ద బొత్తాం వదిలి, చిన్నవాటి మీద కుంకుమ అద్ది గట్టిగా అదిమి పెట్టారు. పూజ బొట్టు మళ్ళీ పూజదాకా చెరపకూడదని తులసమ్మ ఇంట్లో అందరికీ చెప్పింది, ముఖ్యంగా కూతురికి.

ఆ సాయంత్రం రోహిణి పెట్టె ఆన్ చేస్తే అది నడవలేదు, పాకింది. పేజీ పైనుంచి కిందికి గీత గీతగా దిగింది. అక్షరం నొక్కితే అది తెర మీదికి వచ్చేసరికి చెయ్యి ఇంకో అక్షరం మరిచిపోయేది. కొత్త బోర్డు వేశాక పాత బోర్డు కంటే అధ్వాన్నం.

ఇక ఆ ఇంట్లో మొదలైంది. నే చెప్పలేదా అని ఉదయ్. కదపకుండా ఒగ్గేస్తే అదే పడుండేది కదా అని తులసమ్మ. బ్లాకులో కూడా పాకింది, రోహిణి కంప్యూటర్ పాడుచేసిందట అని. ఎవరికీ అందులో ఏముంటుందో తెలియదు, పాడుచేసింది ఎవరో మాత్రం అందరికీ తెలిసిపోయింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే పాలవాడి మీద కూడా అరిచాను.

రోహిణి అరవలేదు. పెట్టె మళ్ళీ విప్పింది. ర్యామ్ ముక్కలు తీసి, వాటి అంచులు పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ బిగించింది. కార్డులన్నీ పీకి వేసింది. ఒక ముక్క ర్యామ్‌తో నడిపి చూసింది, రెండోదానితో నడిపి చూసింది. ఫ్లాపీలన్నీ పెట్టి విండోస్ మొదట్నుంచి ఎక్కించింది. వైరస్ ఉందేమోనని వెతికింది. రాయపూర్ షాపుకి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, ఆడవాళ్ళు విప్పితే మా గ్యారంటీ ఉండదని చెప్పి పెట్టేశాడు. ఆ మాట నాతో పళ్ళు కొరుకుతూ చెప్పింది. పెట్టెని రోజూ విప్పి బిగిస్తూనే ఉంది, బొట్లు మాత్రం చెదరకుండా చూసుకుంది. దుమ్ము తుడిచినా వాటి చుట్టూ తుడిచేది.

ఇంతలో ఉదయ్ బేరం తెచ్చాడు. వాళ్ళ కారఖానా యజమానికి ఆఫీసులో టైపు చేయడానికి ఒక కంప్యూటర్ కావాలట, నెమ్మదిగా నడిచినా పర్వాలేదట. ఆదివారం వ్యాన్ పంపిస్తానన్నాడట. పెట్టె తన కోసం కొన్నది కాబట్టి అడగాల్సిన పని లేదని అనుకున్నాడు. తులసమ్మ ఒప్పుకుంది. అప్పలసూరి గారు అవుననలేదు, కాదనలేదు. ఆ పెట్టె పోతే రోహిణికి సావనీర్ ఒక్కటే కాదు, పని మొత్తం పోతుంది. మళ్ళీ అలాంటిది కొనడం ఆమె వల్ల అయ్యేది కాదు. ఏ బట్టల కొట్లోనో లెక్కలు రాయడానికి కూర్చోవాలి, రోహిణి విప్పితే పాడైందన్న మాట జన్మంతా వినాలి. ఆమె నాతో ఒకటే అంది. "పిన్నీ, నేను విప్పింది నేనే బాగుచేస్తాను. అంతవరకు గడప దాటనివ్వను."

ఆదివారం ఉదయం నేను క్లాసు మానేసి కిందికి దిగాను. రోహిణి బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఉంది, పెట్టె ఆన్‌లో ఉంది, సావనీర్‌లో ఏదో పేజీ గీత గీతగా దిగుతోంది. ఉదయ్ పాత దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు, పెట్టెకి చుట్టడానికి. సరిగ్గా అప్పుడే గురునాథరావు గారూ వచ్చారు, సావనీర్ వ్యాసాల కట్ట వెనక్కి తీసుకుపోవడానికి. ఊళ్ళో మాట ఆయన చెవిన కూడా పడిందన్నమాట. రాయపూర్ వాళ్ళు ఇంకా ఒప్పుకుంటున్నారు, మన సమాజం పరువు పోకూడదు కదమ్మా అంటూ చల్లగా చెప్పారు. కట్ట ఎక్కడుందని నన్నడిగారు. నాకు తెలియదన్నాను. అది రోహిణి మోచేతి కిందే ఉంది.

వ్యాను హారన్ కొట్టింది. ఉదయ్ ముందుకొచ్చి లెమ్మన్నాడు. రోహిణి లేవలేదు. కుర్చీ ఇంకా ముందుకి జరుపుకుని రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"నేదు భయ్యా, ఇవ్వను," అంది. "నీ కోసం కొన్నారు, నేను బతికించాను. ఎత్తుకుపోవాలంటే నాతో కలిపి ఎత్తుకుపో."

ఉదయ్ మొహం ఎర్రబడింది. బిగించడం చేతకాక పాడుచేసి, పైగా మాటలా అన్నాడు. తెలిసినవాడు బిగిస్తే ముందురోజు బాగున్నది పూజనాటి సాయంత్రానికే ఎలా చెడుతుందని అడిగాడు. తులసమ్మ ఇద్దరికీ అడ్డం వెళ్ళి ఇద్దర్నీ తిట్టింది. అప్పుడు అప్పలసూరి గారు మంచం మీద నుంచి లేచారు. వారం రోజులుగా నోరు మెదపని మనిషి కొడుకు మీదికి తిరిగారు.

"బిగించినోల్ని అనీముందు సూసుకోవాలిరా," అన్నారు. "పూజైపోయినాక బొత్తాలన్నీ ఓ పాలి మల్లీ సూసుకోకుండా మేం మిల్లు తిప్పం. పళ్ళెం పట్టుకుని పదిమంది వొస్తారు. ఎవుల సెయ్యి దేని మీద పడిందో ఎవులికి తెలుసు? నువ్వు ఏటి సూసినావని మన గుంట మీద..."

అక్కడ ఆగిపోయారు. ఆయన కళ్ళు పెట్టె ముఖం మీదికి వెళ్ళాయి. రోహిణి కళ్ళు అప్పటికే అక్కడున్నాయి.

పెట్టె ముఖం మీద పెద్ద బొత్తాం కాక ఇంకో రెండు చిన్నవి ఉండేవి. ఒకదాని మీద బొట్టు పైకి కనబడుతోంది. రెండోదాని మీద బొట్టు లోపలికి దిగి ఉంది. దాని కింద టర్బో అని రాసి ఉంటుంది. ఆ కాలం పెట్టెలన్నిటికీ ఉండేది, మెషిన్ వేగం పెంచడానికి ఒక నొక్కు, తగ్గించడానికి ఇంకో నొక్కు. పాత బోర్డుకి దాని వైరు తగిలించలేదు కాబట్టి ఏళ్ళ తరబడి అది ఉత్త అలంకారం. ఉదయ్ ఆటల మధ్య ఊరికే టిక్కుటిక్కుమని నొక్కుతుండేవాడు, ఏమీ అయ్యేది కాదు. దానికి ప్రాణం పోసింది రోహిణే, మూట విప్పి, పిన్ను వెతికి. పోసిన మర్నాడే తండ్రి వేలు దాన్ని అదిమింది. బొట్టు ఉంది కాబట్టి ఆ తర్వాత ఎవరూ దాన్ని తాకలేదు. ఆమె విప్పి చూడని చోటు ఆ పెట్టె మొత్తంలో అదొక్కటే.

రోహిణి తల్లి వైపు చూసింది. తులసమ్మ వద్దనబోయి ఊరుకుంది. రోహిణి బొటనవేలితో బొట్టు మీదే నొక్కింది. టిక్కుమంది. సగం దిగి ఆగిన పేజీ ఒక్కసారిగా నిండిపోయింది. ఆమె ఇంకో పేజీ తెరిచింది, మరోటి తెరిచింది. సమాజం అధ్యక్షుల వారి ఫోటో చిటికెలో వచ్చి మా అందరి వైపు చూసింది. రోహిణి వేలి మీద కుంకుమ మిగిలింది.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. కింద వ్యానువాడు మళ్ళీ హారన్ కొట్టాడు. అప్పలసూరి గారు కార్యదర్శి గారి ముందుకొచ్చి నిలబడ్డారు. మిల్లులో తన చేతిమీద ఏ మెషినూ ఆగలేదని ఆయనకి గర్వం. ఆ మాట తులసమ్మ నోట మేం ఎన్నిసార్లు విన్నామో.

"ఆ బొత్తాం నొక్కినోడ్ని నేను," అన్నారు. "గుంట బిగించింది బిగించినట్టే ఉన్నాది. బయట అందరికీ ఈ మాటే సెప్పండి, బాబూ."

గురునాథరావు గారు ఇబ్బందిగా నవ్వారు. పోనిద్దురూ, అంతా అమ్మవారి దయ అన్నారు. అయినా ఒక చిన్న బొత్తాం ఇంత గొడవ చేస్తుందంటే, రేపు మళ్ళీ ఎవరి చెయ్యో తగిలితే మన పని ఆగిపోదా, రాయపూర్ అయితే ఆ భయం ఉండదు కదా అని కట్ట కోసం చెయ్యి చాపారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోయాను. రోహిణి చేత్తో నన్ను ఆపింది.

పెట్టె ఆఫ్ చేసింది. జడపిన్నుల డబ్బాలోంచి పసుపుపచ్చ పిడి స్క్రూడ్రైవర్ తీసింది. అందరూ చూస్తుండగా పెట్టె మూత విప్పి, చిన్న పుస్తకంలో ఒక బొమ్మ మీద వేలు పెట్టి చూసుకుని, టర్బో వైరు పిన్నుల నుంచి పీకేసింది. బోర్డుతో పాటు వచ్చిన గోరంత నల్ల తొడుగు ఒకటి ఆ పిన్నుల మీద తొడిగింది. అది ఉన్నంతకాలం బోర్డు వేగంగానే నడుస్తుంది, బయట బొత్తాం ఎటున్నా దానికి పట్టదు. మూత పెట్టింది, స్క్రూలు బిగించింది, ఆన్ చేసింది. ఫోటో పేజీ వచ్చింది. ఆమె కుంకుమ భరిణ తెమ్మని తల్లికి చెప్పింది. తులసమ్మ తెచ్చింది.

"ఇప్పుడు బొట్టెట్టమ్మా," అంది రోహిణి. "నాన్న ఎట్టినట్టే గట్టిగా ఎట్టు. భయ్యా, నువ్వూ నొక్కు. ఇంక ఎవులు నొక్కినా నా పని ఆగదు."

ఉదయ్ నొక్కలేదు. దుప్పటి మడత పెట్టి, కిందికి దిగి వ్యానువాడితో మాట్లాడటానికి వెళ్ళాడు. గురునాథరావు గారు మాత్రం ఉండబట్టలేకపోయారు. వంగి, చూపుడువేలితో ఆ బొత్తాం నొక్కారు. టిక్కుమంది. రోహిణి కూరుస్తున్న పేజీ జోరు తగ్గలేదు. మళ్ళీ నొక్కారు, మళ్ళీ మళ్ళీ నొక్కారు. అక్షరాలు వస్తూనే ఉన్నాయి. వెనక తులసమ్మ భరిణ పట్టుకుని ఎదురుచూస్తోంది.

రోహిణి తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అంది. "అంకుల్, మీరు వేలు తీస్తే మా అమ్మ బొట్టెడతాది."

ఆయన వేలు తీశారు. కట్ట అడగలేదు.